ఎనిమిదో పెట్టె

దేవరాజులు ముక్కు గురించి ఆ ఫ్యాక్టరీలో ఒక కథ చెప్పుకుంటారు. పదిహేనేళ్ల కిందట మామిడి సీజను మంచి ఊపులో ఉండగా ఆయన క్యాంటీనులో కూర్చుని, సంగటి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడట. "మూడో కంప్రెసరు" అని ఒక్క మాట అని ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడట. క్యాంటీనుకూ మిషను గదికీ మధ్య మూడు గోడలు, ఒక లారీల బాట ఉన్నాయి. వెళ్లి చూస్తే నిజంగానే మూడో కంప్రెసరు దగ్గర వెంట్రుకంత సందులోంచి అమోనియా కారుతోందట. పక్కనే బోల్టులు బిగిస్తున్న ఇద్దరు ఫిట్టర్లకు ఇంకా తెలియనే లేదట. కథ కాబట్టి ఆ ఫిట్టర్లు ఏటా పెరుగుతూ ఇప్పుడు నలుగురయ్యారు.

వడమాలపేట నుంచి పుత్తూరు వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి కాయలు ట్రాక్టర్లలో వస్తాయి, గుజ్జయి ఇనుప డ్రమ్ముల్లో బయటికి పోతాయి. గుజ్జును గడ్డకట్టించే చలి అంతా అమోనియా పుణ్యమే. గొట్టాల్లో ఉన్నంతసేపూ అది నోరులేని పశువులా పని చేస్తుంది. బయటపడితే మాత్రం కొద్దిపాటికే కళ్లు మండుతాయి, ఎక్కువైతే ఊపిరితిత్తులు కాలిపోతాయి. దానికి కాపలా కాసే ఆపరేటరు దేవరాజులు. వయసు యాభై మూడు. ఐటీఐ పాసైన ఏడాది ఆ మిషను గదిలో అడుగుపెట్టినవాడు ఇంకొక చోట పని చేసి ఎరగడు.

ఆయన ముక్కు పని చేయడం మానేసి నాలుగేళ్లయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు పోయిన వాసన జ్వరం తగ్గాక తిరిగి రాలేదు. నెల చూశాడు, ఆరు నెలలు చూశాడు. ఇంట్లో భార్య తిరుమలమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తే వీధిలో పోయేవాళ్లు తుమ్మేవాళ్లు. ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగేవి, అంతే. ఆమె అడగక ముందే "గుమగుమలాడతా ఉండాదే" అనేసేవాడు. భార్యకు చెబితే ఆమె అక్కకు చెబుతుందనీ, అక్క చెబితే అది ఊరంతా తిరిగి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తుందనీ ఆయన అనుమానం. ముక్కు పోయిన అమోనియా ఆపరేటరును ఎవరు పెట్టుకుంటారు?

అందుకని గంధకం వత్తి పట్టుకున్నాడు. అది పాతకాలపు పద్ధతే. వత్తి వెలిగించి గొట్టాల వెంబడి తిప్పితే, అమోనియా కారే చోట ఆ పొగ తెల్లగా చిక్కబడుతుంది. ఎవరైనా ముందు ముక్కుతో పసిగట్టి, తరువాత సరిగ్గా ఏ బోల్టో తేల్చుకోవడానికి వత్తి వాడతారు. ఈయన వత్తితోనే మొదలుపెట్టేవాడు. షిఫ్టు ఎక్కగానే ప్రతి కంప్రెసరు చుట్టూ చిన్నగా తిప్పేవాడు. కంప్రెసర్లకు ఎలాగూ శుక్రవారం కుంకుమబొట్లు పెడతారు కాబట్టి చూసేవాళ్లు ఆరతి అనుకున్నారు. "మా దేవరాజులన్నకి భక్తి ముదిరింది" అన్నారు. ఆయన కాదనలేదు.

కానీ వత్తితో ఫ్యాక్టరీ అంతా తిరగడం ఎవరి తరం? కిందటేడు జూన్‌లో ఒక మధ్యాహ్నం, రెండో కోల్డ్ రూముకూ కాయలు కోసే షెడ్డుకూ మధ్య ఉన్న నడవలోంచి ఆయన నడిచి వెళ్లాడు. చల్లగా ఉంటుందని ముప్పైమంది ఆడవాళ్లు అక్కడే నేల మీద కూర్చుని అన్నం తింటారు. కుప్పమ్మ అనే ఆమె క్యారియరు మూత పెడుతూ, "దేవరాజులన్నా, కళ్లు మండుతా ఉండాయి, సూడు" అంది.

ఆయన అప్పటికే ఆ పూట షిఫ్టు పుస్తకంలో 'వాసన లేదు' అని రాసి సంతకం పెట్టేశాడు.

"నేల కడిగిన బ్లీచింగు లేమ్మా" అన్నాడు.

వాళ్లు లేచి పోయాక నిచ్చెన వేసుకుని, నడవ పైనున్న రేకు తొలగించి వత్తి తిప్పాడు. అమోనియా ద్రవం పోయే గొట్టానికి అక్కడొక వాల్వు ఉంది. దాని మెడ దగ్గర పొగ పాల నురగలా తెల్లబడింది. బిగించాడు. పది రోజులకు మళ్లీ కారింది. మళ్లీ బిగించాడు. ఆ వాల్వు మార్చాలంటే లైను రెండు రోజులు ఆపాలి. ఆపాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే ముందు కనిపెట్టింది కుప్పమ్మనీ, ఆపరేటరు ఆ దారినే పోతూ కనిపెట్టలేదనీ తేలిపోతుంది. సీజను అయ్యేదాకా వారానికోసారి బిగిస్తూనే గడిపాడు. సీజన్లో కాయలు కోయడానికి వచ్చే తిరుమలమ్మను మాత్రం, "నువ్వు ఆడ తినొద్దు, స్కూటర్ షెడ్డు కింద కూచోని తిను. లోపల గాలి ఆడదు" అని బయటికి పంపాడు. ఎందుకో చెప్పలేదు.

ఈ మార్చి మొదటి వారంలో మేనేజరు రంగనాథం ఆయన్ని పిలిపించాడు.

"రేపు తిరపతి నించి ఒక మేడమ్ వస్తాదప్పా. గ్యాసు పసిగట్టే పెట్టెలు పెడతారంట. వైరు కూడా ఉండదంట, ఫోను మాదిరి గాల్లోనే కబురు పంపిస్తాయంట. యాడ పెట్టాల్నో నువ్వే తిప్పి సూపించు."

"పెట్టెలెందుకు సార్? నేనుండా గదా."

"నువ్వుండావని రాసిస్తే గుజ్జు కొనే కంపెనీవాళ్లు ఒప్పుకుంటారా? మే నెల్లో తనిఖీకి వస్తారు. నీ ముక్కుకి సర్టిఫికెట్టు యాడ తెచ్చేది?" అని రంగనాథం నవ్వాడు.

ఆ నవ్వును దేవరాజులు ఇంటిదాకా మోసుకెళ్లాడు. ఊరికే నవ్వాడా, తెలిసి నవ్వాడా? ముక్కు మాటే ఎందుకు ఎత్తాడు? రాత్రి షిఫ్టు ఆపరేటరు రూపేష్ ఏమైనా చెవిలో వేశాడా? మొన్న రూపేష్ బాత్రూము దగ్గర "ఏందన్నా ఈ కంపు" అన్నప్పుడు తాను ఒక్క క్షణం ఆలస్యంగా ముఖం చిట్లించాడు. ఆ ఒక్క క్షణం వాడు గమనించాడా?

మర్నాడు పదింటికి వచ్చింది హేమశ్రీ. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నగరిలో మగ్గాల ఇంటి పిల్ల, తిరుపతిలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివి అక్కడే ఈ పెట్టెలు అమ్మే కంపెనీలో చేరింది. భుజాన సంచి, చేతిలో గ్యాసు కొలిచే సెల్‌ఫోనంత మీటరు. రాగానే ఫ్యాక్టరీ పటం బల్ల మీద పరిచింది.

"అన్నా, మా దగ్గర ఎనిమిది పెట్టెలుండాయి. నాలుగు ఎక్కడ పెట్టాల్నో పుస్తకమే చెప్తాది. కంప్రెసర్ల పైన రెండు, అమోనియా నిలవ ఉండే ట్యాంకు దగ్గర ఒకటి, మొదటి కోల్డ్ రూములో ఒకటి. మిగతావి మీరు చెప్పాల. యాడ యాడ వాసన వచ్చింది, ఏ గాలికి ఎటు పోయింది, అది మిషను పక్కన బతికినోళ్లకే తెలుస్తాది."

"ఒకటి నా ఆఫీసు ముందర" అన్నాడు రంగనాథం. "వచ్చినోళ్లకి ముందు అదే కనబడాల."

"ఆడ అమోనియా గొట్టమే లేదు గదా సార్."

"గొట్టం లేకపోతే ఏమమ్మా, మనుషులుండారు గదా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

దేవరాజులు ఆమెను తిప్పాడు. ముందు నడుస్తున్నాడన్న మాటే గాని చూపంతా వెనకే ఉంది. ఆమె ప్రతి చోటా ఫోటో తీస్తోంది, ఏదో రాసుకుంటోంది. గ్యాసు గురించి రాస్తోందా, మనిషి గురించి రాస్తోందా? మూడు చోట్లు చూపించాడు. ఒకటి ముక్కు బాగున్న రోజుల్లో నిజంగా వాసన వచ్చిన చోటు. మిగతా రెండూ నోటికొచ్చినట్టు చెప్పాడు. ఆమె ఆ రెంటికీ పటం మీద ఎర్ర గుండ్రాలు చుట్టింది.

తరువాత షిఫ్టు పుస్తకాలు అడిగింది. ఐదేళ్లవి. మిషను గది బయట అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పసాగింది. ఆయన తుప్పు పట్టిన పానా ఒకటి తుడుస్తూ నిలబడ్డాడు. తుడవాల్సింది అందులో ఏమీ లేదు.

"రెండువేల ఇరవై ఒకటి ఏప్రిల్ దాకా మీరు చానా బాగా రాసినారన్నా. 'రెండో కంప్రెసరు, ఎడమ పక్క, కొంచెం ఘాటు, బిగించినాను.' ఇట్ల నెలకి మూడో నాలుగో ఉండాయి."

"ఊ."

"ఆడి నించి ఒక్కటి కూడా లేదు. నాలుగేండ్లు 'వాసన లేదు', 'వాసన లేదు'. రూపేష్ రాసిన షిఫ్టుల్లో అప్పుడప్పుడూ ఉండాది."

"మిషన్లు బాగుచేయించినాము మేడమ్."

"రాత్రిపూట మాత్రం చెడిపోతాయా?"

ఆమె గొంతులో ఎగతాళి లేదు. అందుకే ఆయనకు భయమేసింది. ఎగతాళి చేసేవాళ్లను తిట్టి పంపించవచ్చు.

ఆమె సంచిలోంచి జానెడు సిలిండరు తీసింది. మీటరు సరిగా చూపిస్తోందో లేదో పరీక్షించుకోవడానికి కొలిచి నింపిన అమోనియా అందులో ఉంటుందట. "ఇట్ల నిలబడండన్నా. మీ ముక్కుకీ ఈ మీటరుకీ పోటీ. వాసన తెలుస్తానే చెప్పండి" అంటూ దాన్ని ఆయనకు బారెడు దూరంలో పట్టుకుని మర మీద వేలు పెట్టింది.

దేవరాజులు కంప్రెసరు వైపు చూస్తూ నిలబడ్డాడు. మనసులో లెక్కపెట్టాడు. మరీ తొందరపడితే దొరికిపోతాడు, ఆలస్యమైనా దొరికిపోతాడు. ఏడు దాకా లెక్కపెట్టి, ముఖం కొంచెం చిట్లించి, "వచ్చింది" అన్నాడు.

ఆయన తల తిప్పి చూశాడు. మీటరు మీద సున్నా ఉంది. సిలిండరు మూతికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపనే లేదు.

"సరేన్నా" అని ఆమె సిలిండరు సంచిలో పెట్టేసుకుంది.

అప్పటినుంచి దేవరాజులుకు నడక కూడా తనది కానట్టు ఉంది. ఇప్పుడు నేరుగా మేనేజరు దగ్గరికి పోతుంది అనుకున్నాడు. పోలేదు. గోడౌనులోకి వెళ్లి, పెట్టెలు పంపే కబుర్లు అందుకునే పెద్ద పెట్టెను కిటికీలో ఉంచి, ఒక చిన్న పెట్టె చేతపట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ ఫోనులో చూసుకోసాగింది. గోడౌను ఖాళీగా ఉంది. ఆమె ముఖం వికసించింది. "బలే అందుతాండాది. ఇంగ ఈ పక్క దిగుల్లేదు."

దేవరాజులు తలుపు దగ్గర నిలబడ్డాడు. చెప్పకపోతే ఏం పోయింది? ఆమె తప్పు ఆమెది. రేపు పెట్టెలు మూగబోతే, 'చదువుకున్న మేడమే పెట్టింది గదా' అనవచ్చు. తన ముక్కు మాట అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? ఆలోచన బాగానే ఉంది. కానీ ముప్పై ఏళ్లకు పైగా ఒక బోల్టు వదులుగా ఉంటే చూస్తూ పోలేని చేతులవి.

"ఇప్పుడు ఖాళీ గనక అందుతాండాది మేడమ్. జూన్‌లో రా. ఈడనించి ఆడదాకా ఇనుప డ్రమ్ములే. మూడు వరసలు ఎత్తు. మాకే ఫోనులో మాట వినబడదు, బయటికి పోయి మాట్లాడతాము."

హేమశ్రీ ఆగిపోయి గోడౌను అంతా మళ్లీ చూసింది. "మూడు వరసలంటే ఎంత ఎత్తు?"

"ఆ గోడ మీద మరక ఉండాది సూడండి, ఆడికి."

ఆమె ఆ మరకను చాలాసేపు చూసింది. "ఇది నాకు ఎవురూ చెప్పలేదన్నా. పటంలో కూడా లేదు" అంది. పెద్ద పెట్టెను కిటికీలోంచి తీయించి, డ్రమ్ములు అందని ఎత్తున, దూలానికి కట్టాలని రాసుకుంది. దేవరాజులుకు అది ఓదార్పుగానూ లేదు, భయం తగ్గించనూ లేదు. ఇంత మంచిగా మాట్లాడుతోందంటే వల ఇంకా పెద్దదేమో అనుకున్నాడు.

చివరికి నడవలోకి వచ్చారు.

"ఈడ ఏముందన్నా?"

"ఏమీ లేదు. ఆడోళ్లు అన్నం తినే జాగా."

"పైన?"

"రేకు."

"రేకు పైన?"

ఆయన గోడ వైపు తిరిగాడు. ఆమె మీటరు ఎత్తి చూసింది. సున్నా. మార్చి నెల, లైను సగం ఒత్తిడి మీద నడుస్తోంది, కారేది ఏముంటుంది? ఆమె గోడకు ఆనుకుని, ఆడవాళ్లు కూర్చునే చోటే, చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద చతికిలబడింది. "ఎంతమంది తింటారు?"

"ముప్పై."

"పాలిచ్చే తల్లులు ఉంటారా?"

"ఉంటారు. మధ్యలో పోయి పాలిచ్చి వస్తారు."

ఆమె ఫోను మోగింది. ఇంట్లో రెండేళ్ల కూతురికి పొద్దుటినుంచి ఒళ్లు వెచ్చగా ఉందట. పొద్దుటినుంచి అది నాలుగో ఫోను. "అత్తా, చెయ్యి పెట్టి సూసి చెప్పొద్దు. చేతికి ఏం తెలుస్తాది? థర్మామీటరు పెట్టి, ఎంత ఉందో అంకె చెప్పండి... లేదత్తా, మిమ్మల్ని నమ్మక కాదు. నేను ఆడ లేను గదా, నాకు అంకె కావాల." అవతలి మాటకు ఆమె కళ్లు మూసుకుంది. "భవితకి ఫోను ఇయ్యండి... బంగారూ, అమ్మ వచ్చేస్తాది."

ఫోను పెట్టేసి, పటం ఒళ్లో పరుచుకుంది. పటంలో నడవ తెల్లగా ఉంది. అక్కడ గుండ్రం లేదు.

దేవరాజులు రేకు వంక చూశాడు. ఈమె లేచి వెళ్లిపోతే ఇక ఈ చోటుకు పెట్టె రాదు. మే నెల వస్తుంది, లైను పూర్తి ఒత్తిడికి వస్తుంది, ముప్పైమందీ క్యారియర్లు విప్పుకుని ఇక్కడే కూర్చుంటారు. ఆ వాల్వు ఎప్పుడు బిగింపుకు లొంగుతుందో, ఎప్పుడు లొంగదో ఎవరు చెప్పగలరు?

"రేకు పైన వాల్వు ఉండాది" అన్నాడు. "కిందటేడు కారింది. ఒకసారి కాదు."

ఆమె తలెత్తింది. "మీరు ఎట్ల కనిపెట్టినారు?"

"నేను కనిపెట్టలేదు. కుప్పమ్మ అని ఒకామె, కళ్లు మండుతా ఉండాయనింది. నేను అంతకు ముందే ఈడనే పోయినా. నాకు తెలీలేదు." రేకు మీంచి చూపు దించాడు. "కరోనా నించి నాకు వాసన లేదమ్మా. సుతరామూ లేదు."

తెలుసన్నట్టు ఆమె తల ఊపుతుందనుకున్నాడు. ఊపలేదు. పటం అందుకుని, "పొద్దున నాకు మూడు చోట్లు సూపిస్తిరి" అంది.

"ఒకటి పాతది, నిజమే. రెండు... అప్పటికప్పుడు చెప్పినా."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆ రెంటికీ నేను పెట్టెలు రాసేసినా! తెలుసునా? ఈ ముప్పైమందికి లేకుండా, ఉత్త గోడలకి కాపలా పెట్టి పోయుందును. మీ మాట మీదనే గదన్నా నేను సగం పటం గీస్తా!"

ఆమె కోపం చల్లారేదాకా కూడా ఆగలేదు. నిచ్చెన తెమ్మంది, రేకు తీయించింది, వాల్వు ఫోటో తీసింది. పటం వెనక్కి తిప్పి కొత్తగా గీయడం మొదలుపెట్టింది. నోటికొచ్చినట్టు చెప్పిన రెండు చోట్లలో ఒక పెట్టె రేకు పైకి, వాల్వు దగ్గరికి వచ్చింది. రెండోది రెండో కోల్డ్ రూము తలుపు పైకి పోయింది.

"ఒకటి చాలదన్నా. అమోనియా తేలిక, పైకి పోతాదని పుస్తకంలో ఉంటాది. కానీ ఇది ద్రవం పోయే గొట్టం. చల్లని మంచు మాదిరి పడితే ముందు కిందికే దిగుతాది. కింద కూచున్నోళ్ల ముక్కు ఎత్తులో ఇంగొకటి కావాల." ఆమె గోడ మీద, తాను కూర్చున్నప్పుడు తల ఆనిన చోటు గుర్తు పెట్టింది. "ఎనిమిదోది మీ మేనేజరు తన ఆఫీసు ముందు కావాలంటాడు. దాన్ని ఈడికి తేవాలంటే నేను కారణం రాయాల. ఏమి రాయమంటారు?"

దేవరాజులు కలం కోసం చెయ్యి చాచాడు. "నేనే రాస్తా ఇయ్యండి" అన్నాడు.

దేవరాజులు రాసిచ్చిన కాగితం చదువుతున్నంతసేపూ రంగనాథం కుర్చీలో కదల్లేదు. చదివి, హేమశ్రీ వైపు తిరిగాడు. "ఇది తనిఖీవాళ్లకి సూపించాలా?"

"సూపించాల సార్."

"ఒక మనిషి ముక్కు మీద ఫ్యాక్టరీ నడిపినామని ఒప్పుకోమంటావా?"

"నడిపినారు గదా సార్."

రంగనాథం అప్పుడు దేవరాజులును చూశాడు. తిట్టలేదు. "నాలుగేండ్లు నా ముందర అన్నం తింటా ఒక్క మాట చెప్పని మనిషివి" అన్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, "వాల్వు ఈ నెల్లోనే మార్పిస్తా. రూపేష్‌ని పగటి షిఫ్టుకి తెస్తా. పుస్తకంలో సంతకం వానిది. నువ్వు వాని కింద చెయ్యి. సీజను అయినాక సూస్తాము" అన్నాడు. ఎనిమిదో పెట్టె గురించి ఏమీ అనకుండా కాగితం మీద సంతకం పెట్టి తోసేశాడు.

వెళ్తూ హేమశ్రీ గేటు దగ్గర ఆగింది. "వాసన పోయింది తప్పు కాదన్నా. దానికి డాక్టర్లుండారు. పుస్తకంలో రాసింది మాత్రం..." అని మాట ముగించకుండానే ఫోను మోగితే ఎత్తుకుని బస్సు కోసం పరుగెత్తింది.

ఆ సాయంత్రం తిరుమలమ్మకు అంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. ముక్కు పోయిందన్న దగ్గర, "నేను ఏం చేసి పెట్టినా గుమగుమ అంటే, ఈ మనిషికి ప్రేమ ముదిరిందనుకుంటి" అంది. సంతకం పోయిందన్న దగ్గర ఇంకో కాయ తుంచింది. వాల్వు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

"అందుకనేనా నన్ను స్కూటర్ షెడ్డు కింద కూచోబెట్టింది?"

"ఊ."

"కుప్పమ్మ వదిన్ని?"

ఆయన నేల చూశాడు.

"ఆ నడవలో ఎవుర్తో ఉండాది, నా కంట పడకూడదని నన్ను తరుముతాండావని సీజనంతా కడుపు మండించుకుంటి" అంది తిరుమలమ్మ. "అదే అయ్యుంటే బాగుండు. నా ఒక్కదానికే అన్యాయం అయ్యుండు."

చిక్కుడుకాయల చాట తీసుకుని లోపలికి పోయింది.

మే రెండో వారంలో సీజను మొదలైంది. వాల్వు మారింది. గోడకు జానెడు తెల్లటి పెట్టె వచ్చింది, కూర్చున్న మనిషి తల ఎత్తులో, చుట్టూ ఇనుప జాలీతో. నిమిషానికోసారి దాని మీద ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం ఆడవాళ్లు క్యారియర్లతో నడవలోకి వచ్చి దాన్ని చూసి ఆగిపోయారు. తిరుమలమ్మ కూడా వాళ్లలో ఉంది.

"ఇదేందప్పా? కెమెరానా?" అంది కుప్పమ్మ. "మేము ఎంతసేపు తింటామో లెక్కబెట్టేదానికా?"

"సరిగ్గా మా ఒళ్లోకి సూసేటట్టు పెట్టినారే" అంది ఇంకొకామె.

దేవరాజులు మిషను గదిలోంచి వచ్చాడు. ఏమీ చెప్పకుండా పోవచ్చు. రూపేష్ చెప్పేవాడు, ఏదో గ్యాసు పెట్టె అని. తిరుమలమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"కెమెరా కాదమ్మా. గ్యాసు కారితే అరుస్తాది. పైన వాల్వు ఉండాది. కిందటేడు కుప్పమ్మ కళ్లు మండుతా ఉండాయనింది గదా, అది బ్లీచింగు కాదు. అమోనియా. నాకు వాసన తెలీదు, నాలుగేండ్లాయె. తెలీదని చెప్పలేక బ్లీచింగు అన్నా."

వెనక ఒక చంటిపిల్ల తల్లి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుప్పమ్మ పెట్టెను చూసింది, రేకును చూసింది, చివరికి తిరుమలమ్మను చూసింది. తిరుమలమ్మ తల దించుకుంది.

"నడవండే బయటికి" అంది కుప్పమ్మ. ఒక్కొక్కరే వెనుదిరిగారు.

"వాల్వు మార్చినారమ్మా! కొత్తది! ఈ పెట్టె ఉండాది, పైన ఇంగొకటి ఉండాది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. ఈడ ఏమీ కాదు, నా మాట..." అని ఆగిపోయాడు.

"నీ మాటా?" అంది కుప్పమ్మ.

"నేనే మీతో ఈడ కూచోని తింటా. దినామూ."

"నువ్వు కూచుంటే ఏం లాభం, నీకు తెలీదు గదా." కుప్పమ్మ గుమ్మం దాటబోతూ ఆగింది. "పుస్తకంలో సంతకం ఇప్పుడు ఎవురిది?"

"రూపేష్‌ది."

"వాని ముక్కు బాగుండాదా?"

"బాగుండాది."

"వాన్ని రమ్మను. వాడు మా నడుమ కూచోని తింటే మేమూ తింటాము. వాడు లేస్తే లేస్తాము."

ఆమె క్యారియరు చంకన పెట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. మిగతావాళ్లు ఎండలో చేతులు నెత్తికి అడ్డం పెట్టుకుని ఆమె వెనక నుంచి చూస్తున్నారు. దేవరాజులు రూపేష్‌ను పిలుచుకురావడానికి మిషను గదివైపు నడిచాడు.